చేప కార్జము చెప్పు సంగతులు

చేపలు బాగుచేయు నింట పెరిగిన సోదరీమణులకు ఈ సంగతి క్రొత్తది కాదు. కడుపు చీల్చునప్పుడు కార్జమున కంటుకొనియుండు ఆకుపచ్చని చిన్న సంచి చితికెనా, కూర యంతయు చేదై నోట బెట్ట వీలులేకపోవును. క్రొత్తకోడలిని కత్తిపీట ముందు కూర్చుండబెట్టి అత్తగారు మొట్టమొదట నేర్పునది ఆ సంచి చితుకకుండ తీసివేయుటయే. కాని యా చేదు ఎక్కడనుండి వచ్చినది, ఆ సంచి కార్జము ప్రక్కనే యేల యున్నది అని మనము విచారించుట లేదు.

క్రిందటి నెల మాకు వచ్చిన జాబులలో నొకటి యీ విచారణకు దారితీసినది. "మా యూరి చెఱువులోనికి పొలములలో చల్లిన మందులు కొట్టుకొని వచ్చుచున్నవి. చేప యా మందును మ్రింగి యేమి చేసికొనును? అది దాని యొంటిలోనే యుండిపోవునా, బయటికి పోవునా? పిల్లలకు పెట్టుటకు భయమగుచున్నది" అని యొక పాఠకురాలు వ్రాసినారు. ఈ ప్రశ్ననే పట్టుకొని శాస్త్రజ్ఞులు అఱువది సంవత్సరములకు పైగా పనిచేయుచున్నారు. వారి సమాధానమంతయు చేప కార్జమునందే, అనగా కాలేయమునందే, యున్నది. మాంసము ముట్టని యిండ్లవారు మాత్రము ఈ పుటను త్రిప్పివేయవలదు. వేఱుసెనగకాయల సంగతి కూడ నిందే రానున్నది.

ఉప్పు మరక నీటితో పోవును. నూనె మరక పోదు. దానికి కుంకుడు రసమో సీకాయయో కావలెను. శరీరమున ప్రవేశించు రసాయనములును ఇట్లే రెండు విధములు. నీటిలో కరగునవి మూత్రముతో సులభముగ వెడలిపోవును. నూనె స్వభావము గలవి క్రొవ్వులో దాగికొని కదలవు. అట్టివానిని నీటిలో కరగునట్లు మార్చి పంపివేయుట కాలేయము పని. మొదట నొక ఎంజైము ఆ రసాయనమునకు ప్రాణవాయువును తగిలించి యొక పిడి వంటి దానిని చేయును. పిమ్మట వేఱొక ఎంజైము ఆ పిడికి చక్కెర వంటి దానినో, గంధకము గల దానినో ముడివేయును. అంతట నది నీటికి లొంగి, పిత్తరసముతో గలిసి, ఆ ఆకుపచ్చని సంచిలోనికి చేరును; అచ్చటనుండి ప్రేగులలోబడి బయటికి పోవును. పిడి తగిలించు ఎంజైముల కుటుంబమునకు సైటోక్రోము పి-450 అని పేరు. అవి 450 నానోమీటర్ల కాంతిని పీల్చుట చూచి కనుగొనిరి గావున ఆ సంఖ్య వాని పేరైనది. సంచిలోని చేదు కాలేయము సహజముగ తయారుచేయు పిత్తలవణములది. విషములను బయటికి సాగనంపుటకును అదియే దారి.

ఈ దారి యెంత ముఖ్యమైనదో 1989వ సంవత్సరమున తెలిసివచ్చినది. అలాస్కా తీరమున ఎక్సన్ వాల్డెజ్ అను ఓడ బండకు దగిలి ముడినూనె సముద్రము పాలైనది. చేప మాంసములో వెదకిన నూనె జాడ కనుగొనుట కష్టము. కాలేయము దానిని వేగముగ తునియలు చేసి పంపివేయును గదా! అందుచేత పరీక్షకులు పిత్తరసమును తీసి చూచిరి. మాంసము దాచిన దానిని చేదుసంచి బయటపెట్టినది.

అయినను 1960 ప్రాంతము వఱకు కొందఱు పండితులు చేపలకు ఇట్టి యెంజైములే యుండవని తలచుచుండిరి. వారి వాదము వినుట కింపుగనే యుండును: నేలమీది జంతువులకు విషమును పంపుటకు మూత్రము తప్ప దారిలేదు గాన కాలేయము శ్రమపడవలెను, చేప నీటిలోనే బ్రతుకును, మొప్పలగుండ నెట్టివైనను నీటిలోనికి జారిపోవును గాన దానికి కాలేయపు శ్రమ యనవసరము. తరువాత కొలది సంవత్సరములలోనే చేపల కాలేయములను తీసి పరీక్షించి చూడగా, ఆ యెంజైములు వానిలోను గలవని తేలినది. పని కొంచెము నెమ్మది, అంతే. కుండ మూత తీయకుండనే కూర యుడికినదని చెప్పు వారు పండితులలోను గలరు.

ఇంక ప్రయోగశాలలో జరుగు పని. వంట తెలిసిన వారికి ఇది బొత్తిగ తెలియని విద్య కాదు. ఇందుల కెక్కువగ వాడునది రెయిన్‌బో ట్రౌట్ అను చల్లనీటి చేప. దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికా పడమటి తీరము. మన నీలగిరులలోను హిమాలయపు సెలయేళ్లలోను కూడ తెచ్చి పెంచినారు. చేపను మత్తులో ముంచి బాధ తెలియకుండ చంపి, కాలేయపు నరములగుండ చల్లని ఉప్పునీటిని పంపుదురు. రక్తము కడుగుకొనిపోయి ఎఱ్ఱని కాలేయము పాలిపోవును. పిమ్మట వారు చేయు పని చూచిన మన యత్తగార్లు మెచ్చుకొందురు: చేదుసంచి చితుకకుండ మిక్కిలి జాగ్రత్తగ తీసివేయుదురు. ఆ రసము కలిసెనా, ఎంజైములు చెడి శ్రమయంతయు వ్యర్థమగును.

అటుపిమ్మట కాలేయమును మంచుమీద నుంచి, సన్నముగ తఱిగి, చల్లని ద్రవములో మెత్తగ నూఱుదురు. నూఱిన దానిని గిఱ్ఱున త్రిప్పు యంత్రములో పెట్టుదురు. క్రొవ్వు పైకి తేలును. పిప్పి అడుగున చేరును. నడుమ నున్న తేటను మాత్రము తీసికొందురు. దీనికి ఎస్-9 అని పేరు. భూమి యాకర్షణకు తొమ్మిదివేల రెట్లు బలముతో త్రిప్పగా వచ్చిన తేట యని అర్థము. దానిని చిన్న చిన్న గొట్టములలో పోసి సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో దాచుదురు. కొన్ని చేపల కాలేయములనుండి తీసిన తేట ఎన్నో పరీక్షలకు సరిపోవును.

పరీక్ష చేయు దినమున ఆ తేటను కరగించి, ట్రౌట్ బ్రతుకు నీటి చల్లదనములో, అనగా సుమారు 11, 12 డిగ్రీలలో నుంచి, ఎంజైములకు కావలసిన సహాయక ద్రవ్యములు చేర్చి, పరీక్షింపవలసిన రసాయనమును అణుమాత్రము వేయుదురు. తరువాత గడియారము చూచుచు, నియమించిన నిమిషములకు కొంచెము కొంచెము బయటికి తీసి, ఎంజైము పని తత్క్షణము నిలిచిపోవు ద్రవములో వేయుదురు. ఎన్నవ నిమిషమున మూలరసాయన మెంత మిగిలినదో కొలుతురు. పదునాఱు పాళ్ళున్నది ఎనిమిది, ఎనిమిది నాలుగు, నాలుగు రెండు, ఇట్లు సమానమైన వ్యవధిలో సగము సగముగ తఱుగుచున్నచో, ఆ సగమగుటకు పట్టిన కాలమే కాలేయపు చుఱుకుదనమునకు కొలత. ఏమాత్రము తఱుగనిచో, ఆ రసాయనము కాలేయమునకు లొంగలేదన్నమాట.

అయితే రసాయనము గాజున కంటుకొనియు తగ్గవచ్చును, గాలిలో కలిసియు తగ్గవచ్చును. కాలేయమే మార్చినదని యెట్లు నమ్ముట? ఇందులకు వారు చేయు నుపాయము మాకు మిక్కిలి నచ్చినది. తోడును మరగించి పాలలో వేసిన పాలు తోడుకొనవు గదా. అట్లే తేటలో కొంత భాగమును ముందుగ కాచి, ఎంజైములను చంపి, దానిలోను అదే రసాయనమును వేసి ప్రక్కనే యుంచుదురు. కాచిన దానిలో తఱుగక, కాచని దానిలో తఱిగిన యెడల, ఆ పని కాలేయముదే. కాచిన దానిలోను తఱిగినచో దొంగ మఱియొకడు.

తేటకు బదులు బ్రతికిన కణములనే వాడు పద్ధతియు గలదు. కాలేయములోనికి కణముల నడుమ బంధమును కరగించు ఎంజైమును పంపి కణములను విడదీసి, ద్రవరూపమైన నత్రజనిలో గడ్డకట్టించి దాచుదురు. తిరిగి కరగించినప్పుడు ఒక నీలిరంగు కలుపుదురు. చచ్చిన కణము రంగు పీల్చి నీలమగును, బ్రతికినది తెల్లగనే యుండును. కెనడా దేశమున వాటర్‌లూ విశ్వవిద్యాలయమువారు ట్రౌట్ కాలేయమునుండి తీసి పెంచి 1993లో ప్రకటించిన కణముల వంశము తరతరములుగ గాజుపాత్రలలోనే వృద్ధిపొందుచున్నది.

గొట్టములోని లెక్కను చేపకు అన్వయించుటలో నొక చమత్కారము గలదు. కాలేయపు బరువు, దానిలోని మాంసకృత్తుల మొత్తము, ఇవన్నియు గుణించిన తరువాత కూడ రక్తప్రవాహమును లెక్కలోనికి తీసికొనవలెను. వంటమనిషి యెంత నేర్పరి యైనను అంగడినుండి వచ్చిన కూరలకంటె నెక్కువ వండలేదు. అట్లే రక్తము తెచ్చినదానికంటె నెక్కువ దానిని కాలేయము శుద్ధిచేయజాలదు.

ఇంత శ్రమ యెందుకని యడుగుదురేమో! 1949లో కాలిఫోర్నియాలోని క్లియరు లేక్ అను సరస్సులో దోమలను బోలిన చిన్న యీగలను చంపుటకు డి.డి.డి. అను మందు కలిపిరి. ఇది డి.డి.టి.కి చుట్టము. 1954లో తిరిగి కలిపినప్పుడు అయిదుకోట్ల పాళ్ళ నీటికి మందు ఒక్క పాలు మాత్రమే. అంత స్వల్పము ఏమి చేయునని తలచిరి. తరువాత ఆ సరస్సుమీది గ్రీబు అను నీటిపక్షులు చచ్చి తేలినవి. వాని క్రొవ్వును పరీక్షింపగా పదిలక్షల పాళ్ళలో 1600 పాళ్ళు మందున్నది. కాలేయమునకు లొంగని మందు నాచునుండి చేపకు, చేపనుండి పక్షికి ప్రోగుపడుచు పోయినది. 1962లో రేచెల్ కార్సన్ అను విదుషీమణి తన గ్రంథమున ఈ కథను లోకమునకు చాటినది.

నాటినుండి క్రొత్త రసాయనమును విడుచుటకు ముందే అది చేపలో ప్రోగుపడునా యని పరీక్షించు ఆచారము వచ్చినది. లీటరు నీటిలో నొక పాలుండగా, కిలో చేపలో 2000 పాళ్ళకు మించి చేరినచో ఐరోపావారి చట్టము దానిని ప్రోగుపడు స్వభావము గలదానినిగ ఎంచును. 5000 దాటినచో మిక్కిలి ప్రోగుపడు దానినిగ ఎంచును. ఈ లెక్క తేల్చుటకు పాతపద్ధతిలో ఒక్కొక్క రసాయనమునకు నూఱుకు పైగా చేపలు కావలెను. మందునీటిలో సామాన్యముగ 28 దినములుంచి, మఱికొన్ని దినములు మంచినీటిలో నుంచి, వరుసగ చంపుచు పోవలెను. చేపలను వాడకుండ, నూనెలో నెంత కరగును, నీటిలో నెంత కరగును అని కాగితముమీద లెక్కవేయవచ్చును గాని, అందు కాలేయపు శ్రమ చేరదు గాన లెక్క హెచ్చుగ వచ్చును. కాలేయపు తేటతో చేయు పరీక్ష ఈ రెంటికి నడుమ వచ్చినది. ఆఱు ప్రయోగశాలలవారు ఒకే రకపు తేటతోను కణములతోను అవే రసాయనములను పరీక్షించి, ఒకరి ఫలితములు మఱియొకరితో సరిపోవునా యని చూచుకొనిరి. ఆ పిమ్మట ఓ.ఇ.సి.డి. అను దేశముల సంఘము 2018లో దీనిని అంగీకరించి 319 అను సంఖ్యతో నియమములు ప్రకటించినది. కణములతో చేయునది ఏ, తేటతో చేయునది బి.

ఇంతవఱకు కాలేయమును మెచ్చుకొంటిమి. దాని రెండవ మొగమును చెప్పకుండుట ధర్మము కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళ పిల్లలు కారణము తెలియక చచ్చినవి. వాని మేతలో బ్రెజిలునుండి వచ్చిన బూజుపట్టిన వేఱుసెనగ చెక్క యున్నది. ఆ బూజు తయారుచేసిన విషమునకే పిమ్మట అఫ్లటాక్సిన్ అని పేరుపెట్టిరి. ఆ సంవత్సరముననే అమెరికాలో పెంపుడు రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయమున పుట్టకురుపులు గుంపులు గుంపులుగ కానవచ్చినవి. వెదకగా వాని మేతగుళికలలోని పత్తిగింజల పిండిలో ఆ విషమే దొరకినది. నూఱుకోట్ల పాళ్ళ మేతలో కొలది పాళ్ళున్నను ట్రౌట్‌కు చాలును.

ఇందు విచిత్ర మేమనగా, అఫ్లటాక్సిన్ వచ్చినది వచ్చినట్లుండిన అంత హాని చేయజాలదు. కాలేయము తన యలవాటు చొప్పున దానికి ప్రాణవాయువు పిడిని తగిలించును. ఆ పిడి తగిలిన రూపమే కణములోని వంశసూత్రమున కంటుకొని కురుపునకు బీజము వేయును. దానిని వెంటనే మఱియొక ఎంజైము ముడివేసి పంపివేసినచో భయము లేదు. కాని ట్రౌట్ కాలేయమున ఆ రెండవపని మిక్కిలి మందము. ట్రౌట్‌కు దగ్గఱి చుట్టమైన కోహో సాల్మన్ అను చేపకు ఇదే విషము పెట్టిన అంతగా కురుపులు రావు; దాని కాలేయము ఆ పిడిని తగిలించుటయే తక్కువ. ఇంటిని ఊడ్చు చేతియే ఒకప్పుడు నిప్పు రాజవేయుచున్నదన్నమాట. కావుననే పరీక్షలో మూలరసాయనము మాయమైనదని సంతోషించుట చాలదు. అది మాఱి యేమైనదని కూడ విచారింపవలెను. మా యభిప్రాయమున తేటపరీక్షలో నున్న పెద్దలోపమిదియే.

అమెరికాలో ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఈ విషయమున ట్రౌట్‌తో చాల కాలము పనిచేసిరి. క్యాబేజీ కూరలలో పుట్టు ఇండోల్-3-కార్బినాల్ అను పదార్థమును అఫ్లటాక్సిన్‌కు ముందు పెట్టగా కురుపులు తగ్గినవి. విషము తరువాత పెట్టగా పెరిగినవి! 1987లో వారు దీనిని ప్రకటించిరి. కూరలు మానుమని దీనియర్థము కాదు. సీసాలలో సారము తీసి మందుగ మ్రింగుటకు తొందరపడువారు మాత్రము దీనిని తలచుకొనవలెను. మఱియొక పరీక్షలో వేఱొక విషము ఎంత స్వల్పమైనప్పుడు కురుపు పుట్టదో తెలిసికొనుటకు వారు 40,800 ట్రౌట్ చేపలను వాడిరి. ఫలితము 2009లో వెలువడినది. ఆ సంఖ్య చదివినప్పుడు మాకు మనస్సు చివుక్కుమన్నది. కాని యిట్టి కురుపుల సంగతి గొట్టములోని తేట యొక్కటి చెప్పజాలదనియు ఒప్పుకొనవలెను.

వేఱుసెనగ మన సీమ పంట. కాయ వాన తడిసినను, చెమ్మ గల గదిలో మూటగట్టినను ఆ బూజే పట్టును. ముడుతపడినవి, రంగుమాఱినవి, బూజు వాసన గలవి యేరి పాఱవేయుడు. వేయించిన విషము పోవునని నమ్మవలదు. వంట వేడికి అది పూర్తిగ నశింపదు. ఏరిన వానిని పచ్చడిలోనికి గాని గానుగకు గాని పంపవలదు, పశువులకు వేయవలదు. ఆవు కాలేయము ఆ విషమును కొంత మార్చి పాలలోనికి విడుచును, ఆ పాలు తిరిగి మన పిల్లల గిన్నెలోనికే వచ్చును.

ఇంక మా పాఠకురాలి ప్రశ్న. అమ్మా, చేప మానవలదు. పిల్లలకు అది మంచి యాహారము. చేప యేమందును పంపివేయునో, దేనిని దాచుకొనునో ఆ మందును బట్టి యుండును. దాచుకొన్నది క్రొవ్వులో నుండును గాన కడిగినంతమాత్రమున పోదు. సందేహమున్న చెఱువు చేపయైనచో చర్మమును, పొట్టక్రింది క్రొవ్వును తీసివేయుడు; కార్జమును, లోపలి పేగులను వండవలదు. చేపలు తేలి చచ్చిన చెఱువు చేపను ఎంత చవుకైనను కొనవలదు. ట్రౌట్ లెక్కలను మన శీలావతికి, బొచ్చెకు ఉన్నవున్నట్లు అన్వయింపరాదు. అవి వెచ్చని నీటిలో బ్రతుకునవి, వేడినిబట్టి ఎంజైముల వేగము మాఱును. మన చేపల కాలేయములతోను ఇంత శ్రద్ధగ పరీక్షలు జరుగవలెనని మా కోరిక.

మఱియొక మాట మఱచితిమి. కొన్నిచోట్ల శీలావతి చేప చేదుసంచిని పచ్చిగ మ్రింగిన కంటిచూపునకు, మధుమేహమునకు మంచిదని చెప్పుదురు. ఇది ప్రాణాపాయము. శీలావతి, గడ్డిచేప మొదలగు వాని పిత్తరసములోని విషము మూత్రపిండములను చెఱచును. మ్రింగినవారు మూత్రము బంధించి ఆసుపత్రుల పాలగుట మన దేశపు వైద్యులు వ్రాసియున్నారు. ఆ సంచిని అత్తగారు చెప్పినట్లే తీసి, పిల్లలకును పిల్లులకును అందని చోట పాఱవేయుడు.

రొయ్యకు కార్జ మున్నదా యని అదే జాబు చివర నడిగినారు. ఉన్నది, దాని తలలో నున్నది. దానిని గూర్చి వచ్చు నెల వ్రాసెదము.